వాలు మీద న్యూట్రల్

పెద్దక్క నడుపుతున్న కొత్త కరెంటు బస్సు పెద్ద వంతెన ఎక్కుతూ ఎక్కుతూ నడిమధ్యలో చతికిలబడి ఇవాళ్టికి పదకొండు రోజులు. యాభై రెండు మంది ప్రయాణికులు మిట్టమధ్యాహ్నం ఎండలో దిగి నడిచారు. నడిచినవాళ్లలో ఒకాయన ఫోను పైకెత్తి వీడియో తీశాడు. "ఆడవాళ్ల చేతికి బస్సులిస్తే ఇలాగే ఏడుస్తుంది" అని దాని కింద ఒక మాట రాసి వదిలాడు. బస్సు కదలలేదు గానీ వీడియో మాత్రం ఊరంతా తిరిగింది. పోయినవారం మనం ఆపిన చోట డిపో నోటీసు బోర్డు మీద ఒక కాగితం వేలాడుతోంది. డ్రైవరు నిర్లక్ష్యం వల్లే బస్సు ఆగిందనీ, స్టీరింగు నుంచి తప్పించి బస్సులు కడిగే షెడ్డుకి ఎందుకు పంపకూడదో వచ్చి చెప్పుకోవాలనీ దాని సారాంశం. పెద్దక్క ఆ కాగితాన్ని పీకి, నాలుగు మడతలు పెట్టి, యూనిఫాం జేబులో దోపుకుని మేనేజరు గది మెట్లెక్కింది.

తలుపు తట్టలేదు. తోసింది.

ఆ గది వర్క్‌షాపు పైన ఉంటుంది. కిటికీలోంచి చూస్తే యార్డంతా కనిపిస్తుంది. ఎడమవైపు గోడవారగా తుక్కుకి పోవలసిన డీజిలు బస్సులు, అద్దాల మీద సున్నంతో కొట్టిన ఇంటూ గుర్తులు. కుడివైపు కొత్త బస్సులు, ఒక్కోదానికీ లావుపాటి తీగ తగిలించి చార్జింగు పెట్టారు. లోపల మేనేజరు కుర్చీ వెనక గోడకి ఏడు ఫొటోలున్నాయి. ఏడింటి కిందా ఒకటే రాత, 'డీజిలు పొదుపులో ప్రథమ బహుమతి'. ఏడింట్లోనూ ఒకటే మొహం, పెద్దక్కది. తన ఫొటోల కిందే కూర్చుని తనకే శిక్ష వేయబోతున్న మనిషిని చూస్తే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మేనేజరు పక్కన, బస్సులు తయారుచేసిన కంపెనీ పంపిన ఇంజినీరమ్మాయి ల్యాప్‌టాపు తెరుచుకుని ఉంది. మెకానిక్కులు ఆ పిల్లని కంప్యూటరమ్మ అంటారు. బీరువా దగ్గర స్టూలు మీద ఇంకొకాయన కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు. ఆయన ఈ డిపోలో డ్రైవర్లకి శిక్షణ ఇచ్చే మాస్టారు. పెద్దక్కకి మొగుడు కూడా. పొద్దున ఆమె స్నానానికి వెళ్లి వచ్చేలోపే చెప్పాపెట్టకుండా ఇంట్లోంచి బయటపడ్డాడు. ఎందుకా తొందర అని అప్పుడు ఆమెకి తోచలేదు.

"కూర్చోండి, పెద్దక్కా" అన్నాడు మేనేజరు.

"నిలబడే వింటాను. ఇరవై రెండేళ్లు కూర్చునే ఉద్యోగం చేశాను."

కంప్యూటరమ్మ పెదవులు బిగబట్టుకుంది. మేనేజరు మాత్రం నవ్వలేదు. ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. చార్జింగు తగ్గిపోతున్నట్టు తెర మీద హెచ్చరిక కనిపించినా డ్రైవరు పట్టించుకోకుండా నాలుగో ట్రిప్పుకి బయలుదేరిందని, ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమాడిందని, సంస్థ పరువు తీసిందని వరసగా చదువుకుపోయాడు. పరువు దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త పెంచాడు.

"అయిందా?" అంది పెద్దక్క. "ఇప్పుడు నేనడిగేది చెప్పండి. నాలుగో ట్రిప్పు అయ్యేదాకా పాతిక శాతం మిగులుతుందని మీరే కదా చెప్పింది? మూడో ట్రిప్పుకే పన్నెండు శాతానికి ఎలా దిగింది? మిగతాదంతా నేను తాగేశానా?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నడపటం చేతగాక బ్యాటరీ మీదికి నెట్టకండి. అదే రూటులో కంపెనీవాళ్లు నడిపి చూపించారు. నాలుగు కాదు, అయిదు ట్రిప్పులు తిరిగింది."

"అయితే ఆ బ్యాటరీ వేరు, నాకిచ్చిన బ్యాటరీ వేరు. పుచ్చు సరుకు నాకు అంటగట్టి ఇప్పుడు నన్ను బస్సులు కడగమంటున్నారు. ఆ బస్సులో అన్నీ రాసుకునే పెట్టె ఉందట కదా. అది తెరవండి. నా తప్పని అందులో ఉంటే షెడ్డుకి కాదు, ఇక్కడినించే ఇంటికి పోతాను."

"అది బయటివాళ్లకి చూపించేది కాదు."

"బయటివాళ్లా? నేనా?"

"రహస్యమేం లేదు సార్" అంది కంప్యూటరమ్మ నెమ్మదిగా. "ఎవరు నడిపిన బస్సు లెక్క వాళ్లు చూడొచ్చు. మా ఒప్పందంలోనే ఉంది."

మేనేజరు ఆ పిల్ల వైపు చూసిన చూపుకి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మాస్టారు తలెత్తి, ఏదో అనబోయి, మళ్లీ నేల చూపులకే పోయాడు. ల్యాప్‌టాపు పెద్దక్క వైపు తిరిగింది.

తెర మీద ఆకుపచ్చ గీతలు, ఎర్ర గీతలు. ఆ రోజు తెల్లవారుజాము నుంచి ఆమె కుడికాలు ఎప్పుడు నొక్కిందో, ఎప్పుడు లేచిందో, ఏ క్షణంలో ఏ బటన్ మీద వేలు పడిందో సెకన్లతో సహా ఉంది. మనిషి పక్కన నిలబడి చూసినా అంత వివరంగా చెప్పలేడు. పెద్దక్కకి ఒళ్లు జలదరించింది. అయినా గడ్డం పైకెత్తి నిలబడింది.

"బ్యాటరీలో లోపం లేదక్కా. పూర్తిగా ఆరోగ్యంగా ఉంది" అంది కంప్యూటరమ్మ. "మీ నోటినుంచి వినాలనుకున్నది ఒకటే. కొండ దిగే ప్రతిచోటా మీరు న్యూట్రల్ బటన్ నొక్కారు. మూడు ట్రిప్పుల్లో నలభై ఒక్కసారి. ఎందుకు నొక్కారు?"

పెద్దక్క మొహం విప్పారింది. దోషిగా నిలబడ్డ మనిషి కాస్తా ఒక్క క్షణంలో గురువైపోయింది.

"అదేంటమ్మా అలా అడుగుతావు? అదే కదా విద్యంతా! మిట్ట ఎక్కేదాకా బండి మన సొమ్ము తింటుంది. ఎక్కాక న్యూట్రల్‌లో వదిలేశామనుకో, దాని బరువు మీద అదే జారుకుంటూ పోతుంది. చుక్క ఖర్చుండదు. నీళ్ల ట్యాంకు వాలు దగ్గర వదిలితే ఆస్పత్రి స్టాపుదాకా యాక్సిలరేటరు ముట్టుకోనక్కర్లేదు. రూల్ బుక్కులో వద్దనే ఉంటుందిలే. కానీ బహుమతి దేనికి వచ్చిందనుకున్నావు? ఆ గోడ మీద ఏడు ఫొటోలూ దానికే. ఈ డిపోలో ఆ కిటుకు తెలియని డ్రైవరు లేడు. అందరికీ నేనే నేర్పాను."

కంప్యూటరమ్మ చెప్పాలా వద్దా అన్నట్టు మాస్టారు వైపు చూసింది. ఆయన చూపు కలపలేదు.

"అక్కా, నేను ఆరు నగరాల్లో ఈ బస్సులు దింపాను. నాలుగు దేశాలు. ఎక్కడికి పోయినా మొదటి నెల ఇదే తంతు. ఏ డ్రైవరు డీజిలు బాగా మిగిలిస్తాడో అతని చేతిలోనే చార్జింగు ముందు అయిపోతుంది. మొదట్లో నాకూ అర్థం కాలేదు."

"అంటే?"

"ఈ బస్సు వాలు దిగేటప్పుడు గేరులోనే ఉంచి కాలు తీసేస్తే చాలు. చక్రాలు మోటారుని తిప్పుతాయి. ఆ తిరుగుడుకి కరెంటు పుట్టి వెనక్కి బ్యాటరీలోకి వెళ్తుంది. ఎక్కడానికి ఖర్చయినదాంట్లో మంచి వాటా దిగేటప్పుడు తిరిగి వస్తుంది. బండి వేగం కూడా దానంతటదే తగ్గుతుంది, బ్రేకు మీద భారం ఉండదు. న్యూట్రల్ నొక్కితే చక్రాలకీ మోటారుకీ సంబంధం తెగిపోతుంది. పైసా వెనక్కి రాదు. మీరు మిగిలిస్తున్నాననుకున్న ప్రతిసారీ..."

ఆ పిల్ల వాక్యం పూర్తి చేయలేదు. పూర్తి చేయనక్కర్లేదు కూడా. నలభై ఒక్కసార్లు! ఆ రోజు వంతెన మీద ప్రయాణికులు తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే మళ్లీ చెవిలో పడ్డాయి. బ్యాటరీని తిట్టింది, కంపెనీని తిట్టింది, పదకొండు రోజులు కనిపించినవాళ్లందరి దగ్గరా కరెంటు బస్సులకి శాపనార్థాలు పెట్టింది. తీరా చూస్తే బస్సుని తిండి తిననివ్వకుండా చేసిన చెయ్యి తనదే. సిగ్గుతో మొహం వేడెక్కింది.

"విన్నారుగా" అన్నాడు మేనేజరు. మునిగిపోయేవాడికి మెట్టు దొరికినట్టుంది ఆయన గొంతు. "మీరే తెరవమన్నారు, మీరే చూశారు. ఇక ఇక్కడ సంతకం పెట్టేయండి."

పెన్ను ముందుకి జరిగింది. పెద్దక్క పెన్ను వైపు చూసింది. సిగ్గు సిగ్గే. కానీ సిగ్గుపడుతున్న మనిషికి కూడా బుర్ర పనిచేస్తుందని ఆ మేనేజరుకి తెలియదు.

"తప్పు నాదే. ఒప్పుకుంటాను" అంది. "అయితే ఈ ముక్క ఈ అమ్మాయి ఇప్పుడు చెప్పింది, నాకు ఇప్పుడు తెలిసింది. పదకొండు రోజుల కిందట ఎవరు చెప్పారు నాకు?"

"ట్రైనింగులో చెప్పారు."

"ఏ ట్రైనింగు? ప్రారంభోత్సవం ముందురోజు యార్డులో నిలబెట్టి చెప్పిన అరగంటేనా? ఇది తలుపు బటన్, అది హారన్, నారింజ రంగు తీగ ముట్టుకుంటే మాడి మసైపోతారు. అంతే కదా చెప్పింది! అందులో సగం సేపు ఫొటోలే దిగాం."

కంప్యూటరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "అరగంటేంటక్కా? మూడు రోజుల శిక్షణ అది. రెండో రోజు మొత్తం ఈ వాలు సంగతే. ఆ హాజరు రిజిస్టరు చూశాకే కదా మా కంపెనీ బస్సుల తాళాలు ఇచ్చింది." ఇంకో కిటికీ తెరిచింది తెర మీద. "ఇదిగో. ముప్పై ఎనిమిది మంది డ్రైవర్లు, మూడు రోజులూ హాజరు. మీ సంతకం కూడా ఉంది."

ఉంది. మొదటి అక్షరం మీద పెద్ద వంపు, చివర్లో కిందికి లాగిన గీత. బ్యాంకువాళ్లు కూడా అనుమానించనంత బాగా ఉంది. పెద్దక్క తేదీలు చూసింది. ఆ మూడు రోజులూ ఆమెకి బాగా గుర్తు. డీజిలు బస్సులు సగం తుక్కుకి పోయి, డ్రైవర్లు చాలక, ఇదే మేనేజరు 'పెద్దక్కా, మీరే ఆదుకోవాలి' అని బతిమాలితే పొద్దుటి డ్యూటీ మీద సాయంత్రం డ్యూటీ కూడా చేసింది. నడుము పట్టేసి మూడో రోజు గోడ పట్టుకుని ఇంట్లోకి నడిచింది.

"ఈ మూడు రోజులూ నేను రోడ్డు మీద ఉన్నాను" అంది. గొంతు ఇంకా పైకి లేవలేదు. లేవకపోవడమే ఎక్కువ భయంగా ఉంది. "ముప్పై ఎనిమిది మందిమీ రోడ్డు మీదే ఉన్నాం. డ్యూటీలు వేసింది మీరే."

"అవును, వేశాను!" మేనేజరు బల్ల మీద చరిచాడు. "ప్రారంభోత్సవం తేదీ పైనుంచి వచ్చింది. పక్క నగరంవాళ్లు రెండొందలు దింపారు, మీరెందుకు దింపలేదని రోజూ ఫోన్లు. ప్రపంచమంతా ఇవే బస్సులు, మనం వెనకబడ్డామని రోజూ చీవాట్లు. ముప్పై ఎనిమిది మందిని మూడు రోజులు గదిలో కూర్చోబెడితే బయట బస్సులు ఎవరు నడపాలి? నేనా?"

"నడపాల్సింది! కనీసం దిగేటప్పుడు న్యూట్రల్ వేయకూడదని మీకైనా తెలిసేది."

పెద్దక్క తెర మీదికి వంగింది. ముప్పై ఎనిమిది సంతకాల కింద, శిక్షకుడు అన్నచోట ఇంకో సంతకం ఉంది. అది మాత్రం అసలుదే. పిల్లల స్కూలు కాగితాల మీద, గ్యాసు బుక్కు మీద, ఇంటి అద్దె ఒప్పందం మీద వందసార్లు చూసిన సంతకం. ఆమె మెల్లగా స్టూలు వైపు తిరిగింది.

"ఏవండీ."

మాస్టారు లేచి నిలబడ్డాడు. "ముప్పై ఎనిమిదీ నేనే పెట్టాను" అన్నాడు. "పెట్టకపోతే నా మీద వేటు వేస్తానన్నారు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పెద్దక్క పట్టుకుంది గానీ, పట్టుకున్నందుకు ఆమెకి సంతోషం లేదు. ఇన్నేళ్లలో ఆయన మీద ఎన్నోసార్లు కోపం వచ్చింది. ఇలాంటి కోపం ఎప్పుడూ రాలేదు.

"సంతకాల సంగతి తర్వాత. ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క నాకు చెప్పడానికి నోరు రాలేదా? రోజూ నా పక్కనే కూర్చుని తింటారు. నా పక్కనే పడుకుంటారు. వంతెన మీద ఆగిపోయి ఇంటికొచ్చి ఏడిస్తే నా తల నిమిరారు. అప్పటికి మీకు తెలుసు కదా, ఎందుకు ఆగిందో?"

"చెప్పబోయాను. బస్సులొచ్చిన మొదటి ఆదివారం. వాలు దగ్గర న్యూట్రల్ వద్దనబోతే నువ్వేమన్నావు? ఏడు బహుమతులు మీకొచ్చాయా నాకొచ్చాయా, ముందు మీరు నేర్చుకోండి అన్నావు. పిల్లల ముందే అన్నావు."

అంది. నిజమే. ఆ రోజు తన మాటకి పిల్లలిద్దరూ పకపకా నవ్వడం, ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోవడం పెద్దక్కకి కళ్లకి కట్టింది. ఒక్క క్షణం తడబడింది.

"సరే. నా పొగరు నాది, దానికి నేను అనుభవిస్తాను. మరి మిగతా ముప్పై ఏడు మందికి ఏ పొగరుంది? వాళ్లకెందుకు చెప్పలేదు?"

మాస్టారు బీరువా వైపు మొహం తిప్పుకున్నాడు. జవాబు కంప్యూటరమ్మ దగ్గర ఉంది. "నేర్చుకున్నా పాత అలవాటు పోలేదనుకున్నాను గానీ, వాళ్లూ అందరూ న్యూట్రలే వేస్తున్నారక్కా" అంది. "రోజూ లెక్కలొస్తున్నాయి. ఇవాళ కూడా. ఊరి చివర రూటులో నిన్న ఒక బస్సు రెండు శాతంతో డిపో చేరింది. మధ్యలో రైలు గేటు ఉంది ఆ రూటులో."

కిటికీ అవతల ఒక కొత్త బస్సు చప్పుడు లేకుండా గేటు దాటి పోయింది.

మేనేజరు గొంతు మార్చాడు. తేనె పూసినట్టు మెత్తగా వచ్చింది. "చూడండి పెద్దక్కా. ఇంట్లో ఇద్దరూ ఇక్కడే పనిచేస్తున్నారు. ఎందుకొచ్చిన గొడవ? శిక్షణకి వచ్చాను, మరిచిపోయాను అని రెండు ముక్కలు రాసివ్వండి. నెల రోజుల సస్పెన్షన్‌తో సరిపెడతాను. స్టీరింగు మీదే, కొండ రూటూ మీదే. మిగతావాళ్లకి మెల్లగా ఎప్పుడో ఒక రోజు చెప్పిద్దాం."

అబద్ధం చెప్పడమెందుకు, పెద్దక్క మనసు ఊగింది. స్టీరింగు ముందు కూర్చోని రోజు ఆమెకి రోజే కాదు. ఈ పదకొండు రోజుల్లో ఇంట్లో కూర్చుని పిచ్చెక్కిపోయింది. రెండు ముక్కలు రాస్తే రేపో మాపో ఆ సీటు మళ్లీ తనది. పెన్ను చేతిలోకి తీసుకుంది. మేనేజరు తెల్లకాగితం జరిపాడు. మాస్టారు ఊపిరి వదలడం వినిపించింది.

ఆ ఊపిరి వినే ఆమెకి ఒళ్లు మండింది.

వంగి గబగబా రాసింది. శిక్షణ జరగలేదు. రిజిస్టరులో ఉన్న సంతకం నాది కాదు. అది పెట్టిన మనిషి నా భర్త. పెట్టించిన మనిషి మేనేజరు. న్యూట్రల్ వేసిన తప్పు నాది. ముప్పై ఎనిమిది మందికీ శిక్షణ పూర్తయ్యేదాకా ఈ బస్సులు రోడ్డెక్కకూడదు.

"రాయకు!" మాస్టారు రెండడుగులు ముందుకొచ్చాడు. "రాస్తే నా ఉద్యోగం పోతుంది."

"పోనీ."

"నేను నీ మొగుణ్ణి!"

"అందుకే నీ పేరు ముందు రాశాను." పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. అన్నదని ఆమె గమనించలేదు. ఆయన గమనించాడు.

సంతకం చేసి, కాగితం కంప్యూటరమ్మ చేతికిచ్చింది. "నువ్వు పంపు తల్లీ, మీ కంపెనీకీ, పైవాళ్లకీ. ఈయన చేతిలో పెడితే చెత్తబుట్టలోకి పోతుంది."

మేనేజరు మొహంలో తేనె ఇంకిపోయింది. విసురుగా సొరుగు లాగాడు. అడుగున ఉన్న ఒక కాగితం బయటికి తీశాడు. ముద్ర తీసి, సిరాదిమ్మె మీద అద్ది, ఆ కాగితం మీద ధడాలున కొట్టాడు.

"పంపండి. ఎక్కడికైనా పంపండి! ఇది మీ స్వచ్ఛంద విరమణ దరఖాస్తు. ఆరోగ్యం బాగాలేదు, ఇక బస్సు నడపలేను, దయచేసి విడుదల చేయండి అని మీరే రాసుకున్నారు. ఇప్పుడే మంజూరు చేశాను. ఈ క్షణం నుంచి మీరు ఈ డిపో ఉద్యోగి కాదు. ఉద్యోగం పోయిందన్న కక్షతో రాసిన రాతకి విలువేముంటుందో నేనూ చూస్తాను."

పెద్దక్క ఆ కాగితం అందుకుంది. మొదటి అక్షరం మీద పెద్ద వంపు, చివర్లో కిందికి లాగిన గీత. ఇరవై రెండేళ్ల ఉద్యోగాన్ని నాలుగు వాక్యాల్లో ఊడ్చి పారేసిన ఆ కాగితం కింద మళ్లీ అదే చెయ్యి. ఇందాక స్టీరింగు మీదేనని ఈ మనిషి ఆశపెట్టినప్పుడు, ఈ కాగితం ఆ సొరుగులో చల్లగా పడుకునే ఉంది.

"ఇది కూడా నువ్వేనా?" అంది మొగుడి వైపు తిరిగి.

మాస్టారు మొహం పాలిపోయింది.

"నన్ను షెడ్డుకి పంపకుండా చూద్దామని పెట్టావా? కేసు లేకుండా పోతుందని ఆశపడ్డావా? చెప్పు. కనీసం ఆ సాకైనా చెప్పు, వింటాను."

ఆయన అవునన్నట్టు తలాడించాడు. మునిగేవాడు దొరికింది పట్టుకున్నట్టు గబగబా రెండుసార్లు ఆడించాడు. కంప్యూటరమ్మ అప్పటికే పెద్దక్క భుజం మీదుగా వంగి ఆ కాగితం చదువుతోంది. చదువుతున్నదల్లా ఒకచోట ఆగిపోయింది.

"అక్కా, బస్సు వంతెన మీద ఆగింది పంతొమ్మిదో తేదీన కదా?"

"అవును."

"ఈ సంతకం కింద పదిహేడు అని ఉంది."

మేనేజరు కాగితం లాక్కోవడానికి బల్ల మీదుగా చెయ్యి చాపాడు. పెద్దక్క దాన్ని గుండెకి అదిమిపెట్టుకుని వెనక్కి అడుగువేసి, తలుపుకి వీపు ఆనించి నిలబడింది. తేదీ తనే ఇంకోసారి చూసుకుంది. పదిహేడే. ఆ రోజుకి ఆమె మీద కేసు లేదు, నోటీసు లేదు, వీడియో లేదు. ఆ రోజు సాయంత్రం ఆమె కొండ రూటులో మూడు ట్రిప్పులు తిప్పి, కొత్త బస్సు బాగుందని ఇంట్లో అందరికీ చెప్పింది కూడా.

"బస్సు ఆగిపోతుందని" అంది మొగుడి కళ్లలోకి సూటిగా చూస్తూ, "రెండు రోజుల ముందే నీకెలా తెలుసు?"